గట్టు అవతలి కూత

చచ్చేముందు కుందేలు పెట్టే అరుపును మా అన్నయ్య ఆర్లిన్ పెట్టినంత బాగా ఏ కుందేలూ పెట్టి ఉండదు. చెక్క ఈలను పళ్ళ మధ్య బిగించి, అరచేతులు అడ్డం పెట్టి ఊదాడంటే వినేవాళ్ళు చెవులు మూసుకునేవాళ్ళు. వయోమింగ్‌లోని మా కొండల్లో ముప్ఫై ఏళ్ళపాటు ఆ అరుపు విని పరుగెత్తుకొచ్చిన కయోటీ నక్కల్లో తిరిగి వెళ్ళినవి తక్కువ. తొంభై మూడు మే నెలలో మాత్రం ఒక్కటీ రాలేదు.

గొర్రెలు ఈనుతున్న రోజులవి. తెల్లవారి మంద దగ్గరికి వెళ్తే ఎక్కడో ఒకచోట పిల్ల పడి ఉండేది. గొంతు దగ్గర చిన్న కాటు, అంతే. తల్లి దాని చుట్టూ తిరుగుతూ అరుస్తూ ఉండేది. మొదటి వారంలో తొమ్మిది పోయాయి. జాడలను బట్టి అంతా ఒకే జంట పని. మగదానికి ముందుకాలి వేలొకటి లేదు, ఎప్పుడో బోనులో పోగొట్టుకుని ఉంటుంది.

ఆ రోజు అన్నయ్య పొద్దు బాగా ఎక్కాక ఇంటికొచ్చి, తుపాకీ మూలన పెట్టి, కాఫీ కప్పు ముందు కూర్చున్నాడు.

“ఏమైంది?” అన్నాను.

“ఏమవుతుంది. వెళ్ళాను, కూర్చున్నాను, కూశాను, వచ్చాను.”

“దానికి వినపడలేదేమో.”

“వినపడింది. జాడ చూశాను. ఇటే వస్తోంది. నా కూత చెవిన పడగానే ఆగింది, వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. పరుగు కూడా కాదే, నడక. మతం చెప్పేవాళ్ళు తలుపు తడితే నువ్వు వెనక గుమ్మంలోంచి జారుకోవూ, అలాగ.”

“నేనెప్పుడు జారుకున్నాను?”

“మొన్న ఆదివారం. ఇద్దరమ్మాయిలూ నాకు గంటసేపు చెప్పారు.”

తప్పు కయోటీలది కాదనేవాడు అన్నయ్య. చలికాలంలో పట్నం నుంచి పందాల వేటగాళ్ళు వచ్చి, టేపు మిషన్లు పెట్టి, రోడ్డు కనిపించిన ప్రతిచోటా కుందేలు అరుపు వినిపించి, దొరికిన దాన్నల్లా కాల్చి, దొరకనివాటిని వదిలేసి పోయారు. “మిగిలినవాటికి డిగ్రీ ఇచ్చి మరీ పోయారు” అని తిట్టుకునేవాడు. కుందేలు కూత, పక్షి కూత, మేకపిల్ల కూత అన్నీ మార్చి మార్చి ఊదాడు. అన్నిటికీ అదే నడక.

“ఈ ఏడు ఇలాగే పోతే ఆకు రాలేసరికి మంద అమ్మేస్తాను” అన్నాడు ఆ రోజు, కప్పులోకి చూస్తూ. అన్నయ్య ఉత్తమాటలు అనడు. నాకు గొర్రెల మీద అంత ప్రేమ లేదు గానీ గుండె జారిపోయింది. ఎందుకంటే మా తమ్ముడు డ్వైట్ ఇంటికీ ఈ ఇంటికీ మధ్య మిగిలిన దారి ఆ గొర్రెలొక్కటే.

అన్నదమ్ములిద్దరూ మాట్లాడుకుని ఆరేళ్ళయింది. ఒక గేటు తెరిచి ఉండిపోయింది, మంచుతుఫానులో రెండొందల గొర్రెలు పోయాయి. నువ్వు తెరిచావంటే నువ్వు తెరిచావన్నారు. నాన్న పోయినప్పుడు కూడా శవపేటికకు చెరోవైపు నిలబడ్డారు గానీ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఎర్రగట్టుకు ఇటు అన్నయ్య, అటు డ్వైట్. గట్టు మీదుగా నడిస్తే రెండు మైళ్ళు, రోడ్డు మీద చుట్టు తిరిగి వెళ్తే పదకొండు. మా ఆయన పోయాక నేను అన్నయ్య ఇంట్లోనే ఉంటున్నాను. తల్లి పోయిన పిల్లల్నీ, తల్లి వద్దన్న పిల్లల్నీ రెండు మందల నుంచీ తెచ్చి సీసాపాలు పట్టి పెంచే పని నాది. అందుకని రెండు రోజులకోసారి డ్వైట్ ఇంటికి వెళ్ళేదాన్ని. పిల్లలతోపాటు మాటలు కూడా మోసేదాన్ని. నాకు ఉన్నది ఒకటే కోరిక, నేను బతికుండగా వీళ్ళిద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చుని తిట్టుకుంటూనైనా ఒక పూట తినాలి. మంద అమ్మేస్తే అన్నయ్య ఊళ్ళోకి మారిపోతాడు, ఇక ఆ కథ అంతే.

డ్వైట్ పరిస్థితీ అదే. నేను పికప్ బండి దిగీ దిగకముందే మొదలుపెట్టేవాడు.

“పెద్దాయనకి ఎన్ని పోయాయి?”

“పధ్నాలుగు.”

“మాకు పదహారు. చెప్పు వెళ్ళి, ఇందులో కూడా నేనే ముందున్నానని.”

“చెప్తాలే. నీ కూతకి వచ్చిందా?”

“రాలేదక్కా. మొన్న ఎదురుగుండా గట్టు మీద కూర్చుని నేను కూసినంతసేపూ విన్నదని జాడ చెప్పింది. కచేరీకి వచ్చినట్టు కూర్చుంది. చప్పట్లు కొట్టకపోవడం ఒక్కటే తక్కువ.”

వాడి భార్య కోరీన్ సీసాపిల్లను గోనెసంచిలో చుట్టి నా ఒళ్ళో పెట్టింది. “వదినా, నువ్వు రాకపోతే మాకు వార్తలే ఉండవు” అంది. రేడియో ఉందిగా అంటే, రేడియో మీ అన్నయ్య గురించి చెప్పదుగా అంది. అన్నయ్య కబుర్లు వినడం కోరీన్‌కి కూడా ఇష్టమేనని అప్పుడు తెలిసింది.

మే మూడోవారంలో అన్నయ్య చెక్క ఈల పక్కన పడేసి, అటక మీద నుంచి నాన్న చేసిన కొమ్ము దించాడు. ఒకే ఆవు కొమ్ములు రెండూ కోసి, నోటి దగ్గర సన్నటి రేకు బిగించి నాన్న రెండు బూరలు చేశాడు, కొడుక్కొకటి. అందులోంచి వచ్చేది కయోటీ ఊళ. తిండి ఆశ చూపిస్తే రానిది, తన చోటులోకి ఇంకో మగది జొరబడిందంటే ఊరుకోదని లెక్క. దానికైనా సరే, అతిగా వాడకూడదు. పొద్దు పొడిచేముందు ఒకసారి, కాసేపాగి ఇంకోసారి, అంతే.

నాలుగోరోజు అన్నయ్య ఇంట్లోకి వచ్చిన తీరే వేరు. చేతులు కడుక్కోకుండానే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“పలికింది” అన్నాడు.

“ఏది?”

“అదేనే, ముసలిది. నేను ఊళ వేశాను. గట్టు అవతల నుంచి బదులిచ్చింది. ఎంత పొగరనుకున్నావు. నా ఊళ పూర్తవకుండానే అందుకుంది, అడ్డొచ్చింది, నోరు మూసుకోమన్నట్టు.”

“వచ్చిందా మరి?”

“రాదు. తొందరేముంది. ముందు మాట కలిసింది గదా.”

పెద్దమనిషి, అరవైకి దగ్గరపడుతున్నాడు, పిల్లాడిలా నవ్వాడు. వదిన పోయాక ఆ నవ్వు నేను చూడలేదు. ఆ రోజు గుడ్లు మూడు తిన్నాడు.

మర్నాడు డ్వైట్ ఇంటికెళ్తే వాడూ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

“అక్కా, దొరికింది. నాన్న కొమ్ము తీశాను. రెండు రోజుల నుంచి మాట్లాడుతోంది నాతో. మీ వైపు నుంచే. పెద్దాయన మంద దగ్గర మకాం పెట్టి ఉంటుంది, చెప్పకు, ఉడుక్కుంటాడు.”

“ఏం మాట్లాడుతోందేంటి?”

“తిడుతోంది” అన్నాడు గర్వంగా. “ముసలి గొంతు. బాగా ముసలిది. కానీ దమ్ముంది.”

అప్పటికి నాకేమీ తట్టలేదు. ఒక కయోటీ ఇద్దరికీ బదులిస్తోందని అనుకున్నాను, అంతే. అది గట్టు మీద మధ్యలో కూర్చుని చెరోవైపూ తిడుతోందని నాకు నేనే బొమ్మ కట్టుకున్నాను.

మంగళవారం అన్నయ్యకు పన్ను వాచి తెల్లవారకముందే బయల్దేరి క్యాస్పర్ పట్నంలో డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. బుధవారం నేను డ్వైట్ ఇంట్లో కాఫీ తాగుతుంటే వాడు దిగులుగా ఉన్నాడు.

“నిన్న పలకలేదక్కా. మూడుసార్లు వేశాను. చచ్చిందేమో అనుకున్నాను. ఇవాళ మళ్ళీ పలికింది గానీ, గొంతు అదోలా ఉంది. నోట్లో ఏదో పెట్టుకుని కూసినట్టుంది.”

ఆ పొద్దున్న అన్నయ్య వాచిన బుగ్గలో దూది కుక్కుకునే గట్టు కిందికి వెళ్ళాడు. నేను వద్దన్నా వినలేదు.

వాడి ముఖం చూడకుండా కప్పు కడిగేసి, పిల్లను తీసుకుని పికప్ ఎక్కాను. మలుపు దాటాక ఆపేశాను. ఏడుపో నవ్వో తెలియలేదు, రెండూ వచ్చాయి. ఒళ్ళో ఉన్న గొర్రెపిల్ల నా వేలు చీకుతూ ఉంది. ఆరేళ్ళు పలకరించుకోని మూర్ఖులు పొద్దున్నే లేచి, చలిలో పొదల్లో పడుకుని, ఒకళ్ళ పలుకు కోసం ఒకళ్ళు చెవులు రిక్కించుకుని కూర్చుంటున్నారు. పలక్కపోతే దిగులు పడుతున్నారు.

మర్నాడు తెల్లవారుజామున రోడ్డు గట్టును దాటే చోటికి వెళ్ళి, పికప్ కిటికీ దించుకుని కూర్చున్నాను. ముందు ఇటునుంచి అన్నయ్య. పొడవుగా లేచి, చివర్లో గొంతు పగిలినట్టు విరిగే ఊళ. ఆ విరుపు నాన్నది. కాసేపటికి అటునుంచి డ్వైట్, అదే విరుపు. మళ్ళీ ఇటు, మళ్ళీ అటు. ఏ కయోటీ అలా విరవదు. నాకు తెలిసినప్పుడు వాళ్ళకు ఎందుకు తెలియలేదని తర్వాత చాలామంది అడిగారు. కావాలనుకున్నది వినిపిస్తున్నప్పుడు ఎవరు మాత్రం అనుమానిస్తారు? చిన్నప్పుడు ఇద్దరూ ఒకే గదిలో పడుకుని చీకట్లో కబుర్లు చెప్పుకుంటుంటే గోడకు చెవి పెట్టి వినేదాన్ని. ఆ పొద్దున అలాగే విన్నాను. అంత సంతోషం నాకు మళ్ళీ కలగలేదు.

ఆ రోజే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. చెబితే ఏమవుతుందో తెలుసు. ముందు ఇద్దరూ సిగ్గుపడతారు, తర్వాత కోపం వస్తుంది, ‘తమాషా చూశాడు నన్ను’ అని ఒకడు, ‘కావాలనే చేశాడు’ అని ఇంకొకడు. కొమ్ములు అటకెక్కుతాయి. ఉన్న మాట కూడా పోతుంది. నేను ఇంకో ఎత్తు వేసుకున్నాను. జూన్ రెండో శనివారం మా ఇంట్లో గొర్రెపిల్లల తోకలు కత్తిరించే పని. ఆ రోజు చుట్టుపక్కల వాళ్ళంతా సాయానికి వస్తారు, పని అయ్యాక పెద్ద భోజనం. కోరీన్‌తో చెప్పి డ్వైట్‌ని ఎలాగైనా లాక్కొస్తాను. అందరూ తింటూ ఉండగా, ఇరవైమంది ముందు ఈ కథ చెబుతాను. అంతమంది నవ్వుతుంటే వాళ్ళిద్దరూ నవ్వక చస్తారా అనుకున్నాను. ఆ కథ ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో గిన్నెలు తోముతూ అభ్యాసం కూడా చేశాను. పదిరోజులే కదా ఆగాల్సింది.

ఈ లోపు పిల్లలు చస్తూనే ఉన్నాయి. అసలు జంట నోరు విప్పకుండా తన పని తను చేసుకుపోతోంది.

శనివారం ముందరి మంగళవారం డ్వైట్ నాకొక కర్ర చూపించాడు. దాని చివర పాత కయోటీ తోక కట్టి ఉంది. కర్రను పొదలో గుచ్చి, దారం లాగితే తోక ఆడుతుంది.

“ఎంత పిలిచినా కదలట్లేదక్కా అది. ఇంకో మగదాని తోక కళ్ళారా చూస్తే ఒళ్ళు మండి వస్తుంది. రేపు గట్టెక్కి దాని ముక్కు ముందే గుచ్చుతాను.”

“దారం ఇంత పొట్టిగా ఉందేంట్రా? నాన్న ముప్ఫై అడుగులు పెట్టేవాడు.”

“పొడుగుదైతే పొదల్లో చిక్కుకుంటోంది. ఎనిమిది అడుగులు చాల్లే. దానికేమైనా తుపాకీ ఉందా, నన్ను కాల్చడానికి?”

నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వుతుండగానే ఎక్కడో కలుక్కుమంది. ఇంటికొచ్చేసరికి అన్నయ్య బల్ల మీద గుడ్డ పరిచి తుపాకీ తుడుస్తున్నాడు.

“రానిదాన్ని ఎన్నాళ్ళు పిలుస్తాను” అన్నాడు. “రేపు నేనే వెళ్తాను. చీకటుండగానే గట్టెక్కి అవతలి వాలు మీద కూర్చుంటాను. అది పలికిందో, ఎక్కడుందో కనిపిస్తుంది.”

“అన్నయ్యా, ఒక మాట చెప్పాలి.”

“చెప్పు.”

తుపాకీ గొట్టంలోంచి దీపం వైపు చూస్తున్నాడు. ముఖంలో అంత ఉత్సాహం. నాలుగు రోజులాగితే శనివారం. ఇప్పుడు చెబితే ఆ ఇరవైమంది ఉండరు, నవ్వు ఉండదు, ఈ వంటింట్లో నేనూ తనూ ఉంటాం. పైగా అన్నయ్య సరిగ్గా చూడకుండా కాల్చే మనిషి కాదు. జన్మలో తొందరపడి కాల్చలేదు. నాకు నేను అలా చెప్పుకున్నాను.

“రేపు చలిగా ఉంటుందట. కోటు వేసుకెళ్ళు” అన్నాను.

పొద్దున్నే మెలకువ వచ్చేసరికి కిటికీ బూడిదరంగులో ఉంది. అన్నయ్య మంచం ఖాళీ. నిద్రలో ఏం ఆలోచించానో గానీ, లేస్తూనే ఆ పొట్టి దారం కళ్ళముందు ఆడింది. ఫోన్ దగ్గరికి పరుగెత్తాను.

“డ్వైట్ వెళ్ళి గంటైంది వదినా” అంది కోరీన్ నిద్రమత్తులో. “తోక పట్టుకెళ్ళాడు. ఏమైంది?”

ఏమైందో చెప్పాలంటే వారంరోజులుగా నాకు తెలిసి దాచానని చెప్పాలి. “ఏం లేదులే, పడుకో” అని పెట్టేశాను. ఆ మాట అన్న నోరు నాది. కోరీన్ ఇంటి నుంచి గట్టు పైకి నడక పావుగంట. కేక వేస్తే ఇంకా ముందే వినపడుతుంది. నేను మాత్రం పదకొండు మైళ్ళు మట్టిరోడ్డు మీద తోలుకుంటూ వెళ్ళాను, ఇంజను మోతలో ఇంకేమీ వినిపించకుండా.

డ్వైట్ పికప్ గట్టు అవతల రోడ్డు పక్కన ఉంది. దాని వెనక ఆపి, ఇంజను కట్టేసి, తలుపు తెరిచాను. అప్పుడు వినిపించింది. ఎడమవైపు వాలు మీద నుంచి అన్నయ్య ఊళ, పొడవుగా, చివర విరుపుతో. దానికి బదులు నాకు దగ్గర్లోనే, పై నుంచి, డ్వైట్ ఊళ.

పికప్‌కి ఆనుకుని నిలబడ్డాను. ఇంకా మాట్లాడుకుంటున్నారు. ఇద్దరూ కూస్తున్నారంటే ఇద్దరూ బాగానే ఉన్నట్టు. అన్నయ్య మళ్ళీ కూశాడు. డ్వైట్ మళ్ళీ పలికాడు, ఈసారి పొట్టిగా, సగంలో తెగిపోయినట్టు. నిద్ర చాల్లేదు వెధవకి అనుకున్నాను. హారన్ కొడదామనుకుని కూడా కొట్టలేదు. పాడుచేయబుద్ధి కాలేదు. తూర్పున ఎరుపు వస్తోంది. అక్కడే నిలబడి ఇంకోటి కూడా విన్నాను. మూడోది ఊళలా లేదు, కొమ్ములోంచి గాలి పోయినట్టుంది. ఇవాళే ఇద్దరినీ పైన కలిపి చెప్పేస్తాను, శనివారం దాకా ఎందుకు అనుకుంటూ నెమ్మదిగా ఎక్కడం మొదలుపెట్టాను.

పొదలో కర్ర విరిగి వేలాడుతోంది, తోక తెగి పడి ఉంది. దానికి ఎనిమిది అడుగుల వెనక డ్వైట్ పక్కకు తిరిగి పడుకుని ఉన్నాడు. కోటు ముందంతా తడిసి ఉంది. ఛాతీకి కుడివైపు దెబ్బ. అరవడానికి ఊపిరి చాలని చోట తగిలింది. కొమ్ము రేకును మాత్రం కదిలించేంత ఊపిరి ఉంది వాడిలో అప్పటిదాకా. కొమ్ము ఇంకా పెదాల దగ్గరే ఉంది, రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. చెయ్యి వెచ్చగానే ఉంది. పిలిచాను. కదిలించాను. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ నన్ను చూడలేదు.

అవతలి వాలు మీద నుంచి అన్నయ్య మళ్ళీ ఊళ వేశాడు.

నాకు అంతా అర్థమైంది. మా వాళ్ళెవరూ కాల్చగానే లేవరు. నాన్న నేర్పిన పద్ధతి అది. ఒకటి పడితే దాని జత దగ్గర్లోనే ఉంటుంది, కదలకుండా కూర్చుని పిలుస్తూ ఉంటే వస్తుంది. అన్నయ్య తోక కదలడం చూసి కాల్చాడు, పడిందనుకున్నాడు. తర్వాత ఊళ వినిపించేసరికి జత పలుకుతోందనుకుని, దాన్ని పోనివ్వకుండా బదులిస్తూ కూర్చున్నాడు. రెండొందల గజాల దూరంలో తమ్ముడు రమ్మని పిలుస్తుంటే, నువ్వే రా అని పిలిచాడు. నేను కింద నిలబడి విని మురిసిపోయాను.

డ్వైట్ వేళ్ళు ఒక్కొక్కటీ విప్పి, కొమ్ము తీసి, నా కోటు లోపలి జేబులో పెట్టుకున్నాను. ఎందుకు తీశానో ఆ క్షణాన తెలియదంటే అబద్ధం. తెలుసు. ఆ తర్వాతే లేచి నిలబడి, రెండు చేతులూ ఊపుతూ “అన్నయ్యా” అని అరిచాను. మొదలుపెట్టిన ఊళ సగంలో ఆగింది. అవతల పొదల్లోంచి తను లేచాడు. మొదట నడిచాడు. తర్వాత పరుగెత్తాడు, తుపాకీ అక్కడే వదిలేసి. దగ్గరికొచ్చి డ్వైట్ తల ఒళ్ళోకి తీసుకుని, “ఒరే” అన్నాడు. ఆరేళ్ళ తర్వాత అన్న మాట అది.

షెరీఫ్ మనుషులు వచ్చారు, కొలతలు తీసుకున్నారు, దారం పొడవు రాసుకున్నారు. ప్రమాదమని తేల్చారు. ఆ శనివారం తోకల పని ఆగలేదు, గొర్రెలకు మన చావులు పట్టవు కదా. చుట్టుపక్కల వాళ్ళు వచ్చి రెండు మందల పనీ చేసిపెట్టి, అన్నం కూడా తినకుండా టోపీలు చేత్తో పట్టుకుని వెళ్ళిపోయారు. నేను ఇరవైమందికి వండాను. మర్నాడు అదంతా పారబోశాను.

ఖననానికి ముందు కోరీన్ నన్ను పక్కకు పిలిచింది.

“వదినా, వాళ్ళ నాన్న చేసిన కొమ్ము పెట్టెలో పెడదామనుకున్నాను. ఎక్కడా కనిపించట్లేదు. నువ్వు చూశావా?”

“లేదమ్మా. పొదల్లో పడిపోయిందేమో.”

“వెతుకుదామా?”

“వెతికాను. దొరకలేదు.”

కోరీన్ తల ఊపింది. ఆ రోజు పొద్దున్న ఫోన్ ఎందుకు చేశావని మాత్రం అడిగింది. అది చెప్పాను. మొత్తం చెప్పాను, వారంరోజుల సంగతీ, శనివారం ఎత్తూ. విని, లేచి, నా కోటు తెచ్చి నా చేతిలో పెట్టింది. అప్పటి నుంచి ఆ గడప నేను తొక్కలేదు. సీసాపిల్లల్ని ఇప్పుడు వాళ్ళ జీతగాడు తెచ్చి గేటు దగ్గర వదిలి వెళ్తాడు.

అన్నయ్య మంద అమ్మలేదు. తుపాకీ మాత్రం ముట్టుకోలేదు. వేలు లేని జాడ మంద చుట్టూ మళ్ళీ కనిపించినా చూసి ఊరుకున్నాడు. పన్నెండు రోజులు వంటింట్లో నాతో అవసరమైన మాట తప్ప ఆడలేదు. పదమూడో రోజు పొద్దున్న నేను సీసాలు కడుగుతుంటే వెనక నుంచి అడిగాడు.

“ఇన్నాళ్ళూ నాకు పలికింది డ్వైటేనా?”

“అవును.”

“నీకు తెలుసా?”

“తెలుసు. నువ్వు పంటికి క్యాస్పర్ వెళ్ళిన మర్నాటి నుంచి.”

తిడతాడని నిలబడ్డాను. తిట్టాలని కోరుకున్నాను కూడా. కుర్చీ చప్పుడు వినిపించింది, కూర్చున్నాడు.

“కాల్చాక మూడుసార్లు పలికింది” అన్నాడు. “నువ్వు విన్నావా?”

“విన్నాను.”

“అప్పుడు వాడి దగ్గర కొమ్ము ఉందా?”

కుళాయి కట్టేశాను. చేతులు తుడుచుకున్నాను. తిరిగి తన ముఖంలోకే చూస్తూ చెప్పాను, చూడకపోతే నమ్మడని.

“లేదు అన్నయ్యా. పికప్‌లో ఉంది. నువ్వు కాల్చగానే వాడు పోయాడు. ఆ మూడూ ఆడ కయోటీవి.”

అన్నయ్య బల్ల మీద చెయ్యి పెట్టి, దాని వైపే చూశాడు.

“అంతకుముందువన్నీ డ్వైట్. ఆ మూడు మాత్రం కయోటీ.”

“అవును.”

“సరే” అన్నాడు.

ఏడేళ్ళయింది. ఏడాదికి ఒకసారో రెండుసార్లో ఇప్పటికీ అడుగుతాడు, అదే కుర్చీలో కూర్చుని, అవే మాటలతో. నేను అవే మాటలతో చెబుతాను. ఒకసారి నేను జ్వరంతో పడి ఉండి, అడిగిన వెంటనే పలకలేకపోయాను. “ఆడ కయోటీ అని చెప్పవే” అన్నాడు.